పుట్టినిల్లు అరబీ, మెట్టినిల్లు తెలుగు

మాటలకు కూడా ఆడపిల్లలకు మల్లే పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఉంటాయి. ఒక భాషలో పుట్టిన మాట మరొక భాషలోకి కాపురానికి వెళుతుంది. కొన్నేళ్ళకు అక్కడి నడకా, అక్కడి ఉచ్చారణా అలవరచుకుంటుంది. చివరికి పుట్టింటివారే ఆనవాలు పట్టలేనంతగా మారిపోతుంది. అయినా తేరిపార చూస్తే ఎక్కడో ఒకచోట తల్లి పోలిక కనిపిస్తూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించిన నాకు ఆ పోలికలను వెతకడం విడువరాని అలవాటుగా మారింది.

'రైతు' అన్న మాటనే తీసుకోండి. ఇంతకన్నా తెలుగుదనం ఉట్టిపడే మాట మరొకటి ఉంటుందా? కానీ దాని పుట్టిల్లు అరబీ భాష. మూలం 'రఇయ్యత్'. కాపరి కాపాడే మంద, పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజలు అని దాని అర్థం. ప్రతి మనిషీ ఒక కాపరేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన హదీసు మనలో చాలామందికి తెలిసినదే. ఆ హదీసులో సంరక్షణలో ఉన్నవారిని సూచించే పదం ఇదే. ఆ పదం పాలనా వ్యవహారాల వెంట దక్కను పీఠభూమికి వచ్చింది. భూమి శిస్తు చెల్లించే సేద్యగానికి పేరయింది. అరబీలో ఒకరి సంరక్షణలో ఉన్నవాడు తెలుగులో అందరికీ అన్నం పెట్టేవాడయ్యాడు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనుక బల్లల మీది రైతుబిడ్డలు నిటారుగా కూర్చునేవారు.

మాటల మీద ఈ మమకారం నాకు పుస్తకాల వల్ల కలగలేదు. రెండు ఇళ్ళ మధ్య, రెండు భాషల మధ్య బ్రతకవలసి రావడం వల్ల కలిగింది.

నేను నంద్యాల సమీపంలోని ఒక పల్లెలో నూర్‌బాషా కుటుంబంలో పుట్టాను. నాయన దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి మమ్మల్ని పోషించేవారు. మా ఇంట్లో నమాజు ఉండేది, ఖుర్ఆన్ పారాయణం ఉండేది, జకాతు లెక్క ఉండేది. ఉర్దూ మాత్రం ఉండేది కాదు. అమ్మను 'అమ్మా' అనీ, నాయనను 'నాయనా' అనీ పిలిచాం. మా ఏడుపులూ నవ్వులూ కలలూ అన్నీ తెలుగులోనే. రాయలసీమలోనూ కోస్తాలోనూ ఇలాంటి ముస్లిం కుటుంబాలు వేలకు వేలు ఉన్నాయి. ఈ పత్రిక చదువుతున్న మీలో ఎందరో ఆ ఇళ్ళవారే.

అమ్మ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకొని చాప మీదే చాలాసేపు కూర్చునేది. చేతులెత్తి అల్లాహ్‌తో మాట్లాడేది. అవును, మాట్లాడేది అనే అనాలి. వాన కోసం అడిగేది. నాయన కుట్టిన పరుపులకు గిరాకీ కోసం అడిగేది. నెలలు నిండిన పొరుగింటి కోడలు సుఖంగా ప్రసవించాలని అడిగేది. బడికి వెళ్ళే నాకు చదువు అబ్బాలని అడిగేది. అంతా పల్లె తెలుగులోనే. దుప్పటి కప్పుకొని పడుకున్న నేను ఆ గొంతు వింటూ మళ్ళీ నిద్రలోకి జారుకునేదాన్ని.

పెళ్ళయి నేను కర్నూలు పట్టణంలోని ఉర్దూ మాట్లాడే ఇంటికి వెళ్ళాను. అత్తవారు మంచివారు, ధర్మపరులు. ఆ ఇంట్లో ఒక్కొక్క భాషకు ఒక్కొక్క చోటు ఉండేది. నమాజు చాప మీద అరబీ, నట్టింట ఉర్దూ, వీధి గుమ్మం దగ్గర తెలుగు. మా అత్తగారికి తెలుగు వచ్చు. అయితే అది కూరగాయల బండి దగ్గర బేరానికీ, పాలవాడితో లెక్కకూ పనికివచ్చే తెలుగు. అది గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. నేను వెళ్ళాక నా వెంట అది కూడా లోపలికి వచ్చింది. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడాది రంజాన్ మాసంలో అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు బంధువుల ఆడవారు పదిమంది దాకా కూడారు. ఎవరో అమ్మను నీళ్ళు తాగుతారా అని అడిగితే, "లేదమ్మా, నేనూ ఒక్కపొద్దే" అంది. మా పల్లెలో రోజాను మేము అలాగే అనేవాళ్ళం. వచ్చిన వారిలో ఒకామె ఫక్కున నవ్వింది. రోజా అనడం కూడా రానివారు ఏమి ముస్లింలని ఉర్దూలో పక్కామెతో అంది. అమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు. నవ్వు మాత్రం అర్థమయింది. కొంతసేపటికి ఒక్కొక్కరూ దుఆ చేస్తూ అమ్మ వంతు వచ్చింది. అమ్మ తల వంచుకొని, "నాకు రాదమ్మా" అంది.

ప్రతి వేకువనా అల్లాహ్‌తో అంతసేపు మాట్లాడే మనిషి తనకు దుఆ రాదంది! మా అత్తగారు ఏమీ అనలేదు. లేచి వచ్చి అమ్మ చేతిలో ఖర్జూరం పెట్టారు. అమ్మ మరునాడే ఊరికి వెళ్ళిపోయింది. ఆ తరువాత చాలాకాలం మా ఇంట్లో ఆమె గొంతెత్తి దుఆ చేయగా నేను వినలేదు.

ఆ నవ్వుకు జవాబు వెతకాలన్న పట్టుదల నాలో పెరిగింది. కోపంతో చెప్పే జవాబు నిలవదు. అందుకే మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వెలువరించాడు. మా అత్తగారింటి ఉర్దూ పుస్తకాలూ, నా తెలుగు నిఘంటువులూ పక్కపక్కన పెట్టుకొని చూస్తుంటే ఎన్నో చిత్రాలు బయటపడ్డాయి.

మా మామగారు తెలుగు దినపత్రికను కూడబలుక్కుంటూ చదివేవారు. ఒకరోజు మంత్రి రాజీనామా చేశాడన్న శీర్షిక చదివి, "ఎవరితో రాజీ పడ్డాడమ్మా?" అని నన్ను అడిగారు. ఉర్దూలో 'రాజీనామా' అంటే ఇరుపక్షాలూ సమ్మతించి రాసుకునే ఒప్పందపత్రం. పదవిని విడిచిపెట్టడాన్ని వారు 'ఇస్తీఫా' అంటారు. ఒకే మాట ఉర్దూలో కలహాన్ని ముగిస్తే, తెలుగులో కొలువును ముగిస్తుంది. ఇక దాని మూలం? సంతృప్తి చెందడం, ఇష్టపడడం అనే అర్థమిచ్చే అరబీ ధాతువు. సహాబాల పేర్లు పలికిన ప్రతిసారీ మనం భక్తితో 'రజియల్లాహు అన్హు' అంటామే, అల్లాహ్ వారి పట్ల ప్రసన్నుడగుగాక అన్న ఆ ప్రార్థనలో ఉన్నదీ ఆ ధాతువే. ఇది వివరించాక మామగారు కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వారు. ఆ రోజు నుండి పత్రికలో అర్థంకాని మాట కనిపిస్తే గుర్తు పెట్టుకొని నన్ను అడిగేవారు.

'ఖబర్' అరబీలో వార్త. తెలుగులో అది 'కబురు' అయింది. పెళ్ళి కబురు, చల్లని కబురు అంటాం. అదే మాట బహువచనంలో 'కబుర్లు' కాగానే వార్త మాయమై, అరుగు మీది తీరిక ముచ్చట మిగిలింది. 'ఖరీద్' పారసీలో కొనడం. తెలుగులో ఆ కొన్న వస్తువు వెల. అరబీలో 'ముసాఫిర్' అంటే బాటసారి. తుర్కీ భాషలో అదే మాటకు అతిథి అని అర్థం. బాటసారి మన గుమ్మం ముందు ఆగితే అతిథే కదా! ఒక్కొక్క జాతి ఒక్కొక్క మాటను తన జీవితానికి తగినట్లు మలచుకుంది.

ఈ మార్పులు వినోదం కోసం తెలుసుకోవలసినవి మాత్రమే కావు. కొన్నిచోట్ల వాటిని ఎరగకపోతే ధర్మాన్ని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది. 'గరీబ్' అంటే ఉర్దూలోనూ, తెలంగాణ తెలుగులోనూ పేదవాడు. అరబీలో మాత్రం పరాయి ఊరివాడు, అపరిచితుడు. ఈ లోకంలో పరదేశిలా, దారినపోయే బాటసారిలా మెలగమని ప్రవక్త (స) హజ్రత్ ఇబ్న్ ఉమర్ (రజి) భుజం పట్టుకొని ఉపదేశించారు. ఆ హదీసులో ఉన్నది 'గరీబ్' అన్న మాటే. ఉర్దూ అలవాటుతో చదివితే పేదవాడిలా బ్రతకమన్నారని తోస్తుంది. నిజానికి అక్కడి ప్రస్తావన డబ్బును గురించి కాదు. శాశ్వత నివాసం కాని చోట మనసు పాతుకోనీయవద్దన్న హెచ్చరిక అది. అరబీ లిపిలో ఉన్న ప్రతి మాటా మనకు తెలిసినట్లే అనిపిస్తుంది. తెలిసిన ముఖమే కదా అని పలకరిస్తే, ఆ మనిషి వేరొకరు కావచ్చు.

ఇక అమ్మ పలికిన 'ఒక్కపొద్దు' సంగతి. ఆ రోజు నవ్విన ఆమె 'రోజా' అన్న మాటను ఇస్లాం మాట అనుకున్నది. దివ్య ఖుర్ఆన్‌లో ఉన్న పదం 'సౌమ్', 'సియామ్'. 'రోజా' పారసీ మాట. పగలు అని అర్థమిచ్చే 'రోజ్' నుండి వచ్చింది. 'నమాజు' కూడా పారసీ మాటే. ఖుర్ఆన్ పదం 'సలాత్'. ఇస్లాంను స్వీకరించిన పారసీకులు తమ ఇంట అప్పటికే ఉన్న మాటలకు కొత్త విశ్వాసాన్ని అప్పగించారు. ఆ మాటలే వారి నుండి మనకు అందాయి. పొద్దును బట్టి ఉపవాసానికి పేరు పెట్టడం పారసీవారికి తగితే, అదే పని చేసిన మా పల్లెకు ఎందుకు తగదు?

ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ముస్లింలు నివసించే దేశాలలో ఇండోనేషియా ఒకటి. అక్కడివారు రంజాన్ ఉపవాసాన్ని 'పువాసా' అంటారు. అది సంస్కృతంలోని 'ఉపవాసం' నుండి వచ్చిన మాట. స్వర్గాన్ని 'సుర్గా' అనీ, నరకాన్ని 'నెరకా' అనీ అంటారు. పాపం వారి భాషలో 'దోసా', అంటే మన 'దోషం'. సత్కార్యానికి అల్లాహ్ ప్రసాదించే ప్రతిఫలాన్ని 'పహలా' అంటారు. అది మన 'ఫలం'. కోట్లాది ముస్లింలు తరతరాలుగా ఈ మాటలతోనే విశ్వాసాన్ని పిల్లలకు బోధిస్తున్నారు. మన తెలుగు ఖుర్ఆన్ అనువాదాలలో స్వర్గం, నరకం, ఉపవాసం, ప్రతిఫలం అన్న మాటలు చదివినప్పుడు సముద్రాలకు ఆవల ఉన్న ఆ సోదరులు నాకు గుర్తుకు వస్తారు.

తెలుగు తీసుకున్నదే కాదు, ఇవ్వగలిగినదీ ఉంది. హజ్రత్ హమ్జా (రజి) అమరులైన తరువాత ఆయన కుమార్తెను ఎవరు పెంచాలన్న ప్రశ్న వచ్చింది. ముగ్గురు సహాబాలు ఆ భాగ్యం తమకు కావాలన్నారు. ప్రవక్త (స) ఆ పాపను ఆమె తల్లి సోదరి ఉన్న ఇంటికి అప్పగించి, తల్లి సోదరిది తల్లి స్థానమేనని తీర్పు చెప్పారు. అరబీలో ఆమెను 'ఖాలా' అంటారు. ఆ పదంలో తల్లి అన్న మాట లేదు. ఆ స్థానాన్ని ప్రవక్త (స) మాట ఆమెకు ఇచ్చింది. తెలుగులో ఆమె పెద్దమ్మ, లేదా పిన్నమ్మ. పిలుపులోనే అమ్మ ఉంది. ఈ హదీసు చెప్పి, మీ పిన్నమ్మను ఏమని పిలుస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి అంటే చాలు, తెలుగు పిల్లలకు వేరే వివరణ అక్కరలేదు.

మరొక సొగసు ఉంది. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. వినేవారిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. అరబీలోనూ ఉర్దూలోనూ ఈ రెంటికీ ఒకే మాట. ప్రతి రకాతులో పఠించే ఫాతిహా సూరాలో, నిన్నే ఆరాధిస్తున్నామని దాసులంతా ఒక్కటిగా విన్నవించుకునే చోట తెలుగు అనువాదకుడు 'మేము' అని తీరాలి. 'మనం' అంటే ఆరాధించేవారిలో ఆరాధ్యుడు కూడా కలిసిపోతాడు. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఉన్న గీతను తెలుగు వ్యాకరణం ఒక చిన్న సర్వనామంతో కాపాడుతుంది. తౌహీదు పాఠం చెప్పేటప్పుడు ఇంతకన్నా సులభమైన ఉదాహరణ నాకు దొరకలేదు. నమాజు ముగించి, పక్కవారికి సలాం చేసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నప్పుడు ఆ 'మేము' మళ్ళీ 'మనం' అవుతుంది.

ఇదంతా ఉర్దూను తక్కువ చేయడానికి చెబుతున్నది కాదు. ధర్మవిజ్ఞానం ఉర్దూలో అపారంగా ఉంది. నేను ఆ భాష నేర్చుకొని ఎంతో లాభం పొందాను. పైగా మా అత్తగారు మాట్లాడిన ఉర్దూ ఈ నేల మీద పెరిగినదే. వస్తానని చెప్పాడు అనడానికి ఆమె "ఆతూం బోల్‌కే బోల్యా" అనేవారు. ఆ 'బోల్‌కే' మన 'అని'కి అచ్చమైన నకలు. వద్దు అనడానికి 'నక్కో' అనేవారు. అది మరాఠీ నుండి వచ్చింది. గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రాహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను ప్రేమతో 'మల్కిభరాముడు' చేసుకున్నారు. సంస్కృత పదాల పొత్తు లేకుండా అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యం పొన్నికంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'. దాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కుతుబ్‌షాహీల అధికారి అమీన్‌ఖాన్. అచ్చతెలుగుకు తొలి ఆదరణ ఒక ముస్లిం ఇంట దొరికిందన్న మాట. నట్టింటికీ గుమ్మానికీ మధ్య మనం గీసుకున్న గీత ఆనాటి పెద్దలకు అంత గట్టిగా ఉన్నట్లు తోచదు.

చాలా ఏళ్ళ తరువాత మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. కుడిచేయి పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. చూడడానికి అమ్మ వచ్చింది. అప్పటికి ఆమె కూడా వృద్ధురాలే. వియ్యపురాళ్ళిద్దరూ చాలాసేపు చేతులు పట్టుకొని కూర్చున్నారు. అత్తగారు మెల్లగా, "వదినా, నాకోసరం దుఆ చెయ్యి. నీ తెలుగులోనే అడుగు. నాకు అర్థమైతాది" అన్నారు.

అమ్మ కొంచెంసేపు తటపటాయించింది. తరువాత కొంగు తలమీదికి లాక్కొని చేతులెత్తింది. నేను చిన్నప్పుడు దుప్పటిలో నుండి విన్న గొంతే. ఆ తల్లి చేతికి తన ముద్ద తాను ఎత్తుకునే బలమివ్వమంది. ఆమె పిల్లల్ని చల్లగా చూడమంది. తమ ఇద్దరినీ కష్టపెట్టకుండా నీ దగ్గరికి పిలుచుకొమ్మంది. ఒక్కొక్క కోరికకూ అత్తగారు "ఆమీన్" అంటూ వచ్చారు. ఆ మాటకు మాత్రం రెండు ఇళ్ళలోనూ ఒకటే ఉచ్చారణ. ఆ ఏడాదే అత్తగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మరి రెండేళ్ళకు అమ్మ కూడా వెళ్ళిపోయింది.

మన భాషలూ వర్ణాలూ వేరువేరుగా ఉండడం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా రూమ్ 22వ ఆయత్ తెలుపుతున్నది. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపడం జరిగిందని, విషయం వారికి విశదం కావాలన్నదే అందుకు కారణమని సూరా ఇబ్రాహీమ్ 4వ ఆయత్ తెలుపుతున్నది. భాషల భేదాన్ని అల్లాహ్ సూచనగా చూపితే, మనం దాన్ని గొప్పాతక్కువలు కొలిచే త్రాసుగా చేసుకోవడం తగునా?

నేడు మన పిల్లలు ఆంగ్ల మాధ్యమంలో చదువుతున్నారు. చాలా ఇళ్ళలో వారికి ఉర్దూ చదవడం రాదు, తెలుగు రాయడం రాదు, అరబీని అర్థం తెలియకుండా పఠిస్తారు. మూడు భాషల వారసులు ఏ ఒక్క భాషలోనూ మనసు విప్పి అడగలేని స్థితికి వస్తున్నారు. నమాజు అరబీలోనే చేస్తాం. అది ప్రపంచ ముస్లింలందరినీ ఒక్క వరుసలో నిలిపే భాష. కనుక దాన్ని అర్థంతో సహా నేర్పాలి. నమాజు వెలుపల మన అవసరాలు విన్నవించుకునే దుఆకు మాత్రం మనసెరిగిన భాష కావాలి. అది ఉర్దూ అయినా సరే, తెలుగు అయినా సరే. ఇంట్లో వాడే మాటల పుట్టిల్లు ఏదో అప్పుడప్పుడు పిల్లలకు చెప్పండి. తమ భాషను చూసి వారు సిగ్గుపడరు, ఎదుటివారి భాషను చూసి నవ్వరు.

వచ్చే రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు పది నిమిషాలు కేటాయించి, ఇంట్లో ప్రతి ఒక్కరి చేతా వారికి వచ్చిన భాషలో దుఆ చేయించండి. పల్లె నుండి వచ్చిన పెద్దమ్మ ఉంటే మొదట ఆమెను అడగండి. పక్కన ఎవరైనా నవ్వబోతే మర్యాదగా వారించండి.